వెనక తలుపు

మాది కేజీఎఫ్.

మొదటి సంవత్సరం హాస్టల్లో చేరిన రోజు ఈ మాట చెప్పగానే రూములో ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఒకామె సినిమా మ్యూజిక్కు నోటితో వాయించింది. ఇంకొకామె "అంటే నిజంగా ఊరుందా? సెట్ కాదా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఉంది, రోజూ రైలు కూడా పోతుంది అని చెప్పాను. "బంగారం తీస్తారా ఇంకా?" లేదు, ఎప్పుడో మూసేశారు. "మరింకేముంది అక్కడ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో ఫోటోలు చూపిద్దామని వెతికితే మా చిన్నాన్న కొత్త బైకు ఉంది, మా మేనకోడలి పుట్టినరోజు కేకు ఉంది, సైనైడ్ దిబ్బల మీద పొద్దుగూకే ఫోటోలు ఓ పది ఉన్నాయి. ఊరు మాత్రం లేదు. పద్దెనిమిదేళ్ళు తిరిగిన వీధులు ఒక్క ఫోటోలో కూడా లేవు. రోజూ చూసేదాన్ని ఫోటో ఎవరు తీసుకుంటారు?

ఆ తర్వాత వేసవి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా ఊరిని కాగితంతో కట్టడం మొదలుపెట్టాను. దసరా సెలవులకు గానీ పూర్తి కాలేదు. దాని గురించే ఈ వ్యాసం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. అమ్మది ముళబాగిలు దగ్గర పల్లె. వాళ్ళింట్లో తెలుగు. మా అమ్మమ్మ పొద్దున పూట కైవార తాతయ్య తత్వాలు పాడుకుంటుంది. ఆయన తెలుగులోనూ రాశారు, కన్నడంలోనూ రాశారు, పాత కోలారు జిల్లాలో అదేమీ వింత కాదు. నాన్నది ఛాంపియన్ రీఫ్. వాళ్ళింట్లో తమిళం. కాబట్టి నాకు అమ్మతో తెలుగు, నాన్నతోనూ తాతతోనూ తమిళం, బడిలో కన్నడం, మార్కుల షీట్లో ఇంగ్లీషు. "తాత" అనే మాట మాత్రం రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఇంట్లో ఆ ఒక్క మాటకు పేచీ లేదు. ఈ వ్యాసంలో తాత మాట్లాడిన మాటలు నేను తెలుగు చేసి రాస్తున్నవే. ఒక్క "కణ్ణు" మాత్రం అట్లాగే ఉంచుతాను. నన్ను ఆయన పిలిచే పిలుపు అది. దాన్ని "కన్నా" అని మారిస్తే వేరే తాత అయిపోతాడు.

తాత గనిలో లోపలి పనికి పోయేవాడు. మా నాన్న తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోతాడు, రాత్రికి వస్తాడు. మా లైన్లో సగం ఇళ్ళలో మగవాళ్ళది ఇదే బతుకు. తాత తరం కిందికి పోయింది, నాన్న తరం పక్కకు పోతోంది అని అమ్మ అంటుంది.

మా ఊరి చరిత్ర తెలియనివాళ్ళకు నాలుగు మాటల్లో చెప్తాను. 1870లలో లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు సంస్థానం దగ్గర అనుమతి తీసుకుని ఇక్కడ తవ్వించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ దిగింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, అంటే మా ఊరి తర్వాతే. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం బయటికి వచ్చిందంటారు. నేను పుట్టేసరికి అదంతా అయిపోయింది. నేను చూసింది తుప్పు పట్టిన షాఫ్టు స్తంభాలు, గాలి వీస్తే ఇంట్లోకి వచ్చే దిబ్బల దుమ్ము. ఆ దిబ్బలు కొండలు కావు. రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేసుకున్నాక మిగిలిన పొడి అది.

ఇక పని. కాగితం బొమ్మలంటే చిన్నప్పుడు బడిలో చేసిన థర్మాకోల్ తాజ్ మహల్ లాంటివి కాదు. ఇది స్కేలు ప్రకారం చేయాలి. నేను ఒకటికి వంద పెట్టుకున్నాను. నిజం ఊర్లో ఒక మీటరు ఉంటే నా బల్ల మీద ఒక సెంటీమీటరు. లెక్క తేలిక, అందుకే పెట్టుకున్నాను. నేను ఆర్ట్స్ స్టూడెంటునని మీకు తెలుసు కదా.

గోడలకు పెళ్ళిపత్రికలు వాడాను. మా అమ్మ పదిహేనేళ్ళ పెళ్ళిపత్రికలు బీరువా మీద కట్ట కట్టి పెట్టింది, ఒక్కటి పారేయదు. డ్రాయింగ్ షీటు కంటే అవి గట్టిగా నిలబడతాయి. వెనకవైపు తెల్లగా ఉంటుంది, లోపలివైపు వధూవరుల పేర్లు ఉంటాయి. ఇప్పుడు మా రాబర్ట్‌సన్‌పేటలో ప్రతి అంగడి లోపలా ఎవరో ఒకరి పెళ్ళి జరుగుతూనే ఉంది. రేకుల కప్పుకు అట్టపెట్టె పనికొస్తుంది. అట్ట పైపొరను నీళ్ళతో తడిపి నెమ్మదిగా లాగేస్తే లోపల మెలికలు మెలికలుగా ఉన్న పొర బయటపడుతుంది. బూడిదరంగు వేస్తే అచ్చం జింకు రేకు. మంగళూరు పెంకులు మాత్రం గీసి రంగు వేయాల్సి వచ్చింది. స్తంభాలకు చీపురు పుల్లలు. కరెంటు తీగలకు నల్లదారం. ఐదు లైట్ల కూడలికి ఒక పుల్ల, ఐదు ఆవగింజలు.

మడతలు తిన్నగా రావాలంటే ముందు గీత కొట్టుకోవాలి. అయిపోయిన పెన్ను రీఫిల్ పెట్టి స్కేలు అంచున గట్టిగా గీస్తే కాగితం తెగదు గానీ గాడి పడుతుంది, అక్కడ మడిస్తే కత్తితో కోసినట్టు వంగుతుంది. అతికించడానికి ప్రతి గోడకూ పక్కన చిన్న చెవి వదలాలి. నేను మొదటి మూడు అంగళ్ళకు చెవులు వదలడం మర్చిపోయాను. నాలుగో అంగడికి ఫెవికాల్ ఎక్కువ పూసేసరికి గోడ నానిపోయి కడుపు వచ్చినట్టు ఉబ్బింది. ఐదోది నిలబడింది. దాన్ని అన్నం గిన్నె పక్కన పెట్టుకుని భోంచేశాను.

కొలతలకు రాబర్ట్‌సన్‌పేటకు పోయాను. మాకు అంగడి వీధి అంటే అదే. మైసూరులో రెసిడెంటుగా ఉన్న సర్ డోనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు మీద వెలిసిన పేట. ఎం.జి. మార్కెట్ వైపు పోతుంటే కొత్త షట్టర్ల మధ్య ఇంకా కొన్ని పాత అంగళ్ళు కనిపిస్తాయి. ముందు వసారా, పెంకుల కప్పు, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి మూసే చెక్క పలకల తలుపులు. అటువంటివి ఎనిమిది ఎంచుకున్నాను. టేపు పెట్టి కొలిస్తే అంగడివాళ్ళు మున్సిపాలిటీ మనిషి అనుకుని భయపడుతున్నారని, వాకిళ్ళ ముందు నడిచి అడుగులు లెక్కపెట్టుకున్నాను. ఎత్తు తెలియాలంటే గోడ పక్కన నా చెల్లెల్ని నిలబెట్టి ఫోటో తీశాను. దాని ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మా ఊరి చారిత్రక కట్టడాలన్నీ మా చెల్లెలు లెక్కన ఉన్నాయి.

అంగళ్ళయ్యాక ఊరుగాం స్టేషను చేశాను. బంగారుపేట నుంచి మారికుప్పం పోయే దారిలో ఉంటుంది. దాని ముందు రెండు గూడ్సు పెట్టెలు. ఆ తర్వాత నాకు చాలా రోజుల్నుంచి మనసులో ఉన్న బంగళా మొదలుపెట్టాను. మా వైపు గుట్టల మీద దొరల కాలం నాటి బంగళాలున్నాయి. అటువంటి ఒకదానికి కాపలా ఉన్న పెద్దాయన లోపలికి రానివ్వలేదు గానీ ప్రహరీ బయట నుంచి అడుగులు కొలుచుకోనిచ్చాడు. చుట్టూ వరండాతో కలిపి ముప్పై మీటర్లు, ఇరవై మీటర్లు. నా స్కేల్లో ఇంచుమించు ఒక ఏఫోర్ కాగితం అంత. మూడు వారాలు పట్టింది. ముందువైపు కమానులు, పొగగొట్టాలు, కిటికీలకు ఓసీ కాగితం అద్దాలు, గేటు దగ్గర గులాబీ మొక్కలకు ఎర్ర స్కెచ్ పెన్ను చుక్కలు. మా లైన్లో పిల్లలందరూ వచ్చి చూసిపోయారు. ఇంత బాగా చేస్తానని నేను కూడా అనుకోలేదు.

అది తీసుకుపోయి తాత ముందు పెట్టాను.

తాతకు ఇప్పుడు ఊపిరి చాలదు. నాలుగు అడుగులు వేస్తే నిలబడిపోతాడు. రోజంతా వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంటాడు. గని గురించి అడిగితే "అదంతా ఎందుకు కణ్ణు, చదువుకో" అంటాడు. ఎప్పుడూ అంతే. దగ్గు వచ్చినప్పుడు మాత్రం "ఇదిగో నా పెన్షను" అని నవ్వుతాడు. అందుకని నేను ఆయన ఏదో పెద్దగా చెప్తాడని పోలేదు. మెచ్చుకుంటాడని పోయాను.

తాత బంగళాను చేతుల్లోకి తీసుకోలేదు. కాసేపు చూశాడు. తర్వాత కింద అట్టను పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పాడు.

వెనకవైపు ఏమీ లేదు. తెల్లటి గోడ. నేను ముందు నుంచి చూసి చేశాను, వెనక భాగం కాపలాదారు చూపించలేదు, ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

"వెనక తలుపు ఏదీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తాత ఆ ఖాళీ గోడ మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ మూడు మెట్లు. ఇక్కడ వంటిల్లు, ఇంటికి అంటకుండా దూరంగా, మధ్యలో రేకుల దారి. ఇక్కడ బొగ్గు గది. ఇక్కడ కొళాయి, దాని కింద రాయి, ఆ రాయి మీద పాల చెంబు పెట్టాలి, చేతికి ఇవ్వకూడదు. తన చిన్నప్పుడు, ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో, అటువంటి బంగళాకు రోజూ పొద్దున పాలు పోసేవాడట. రెండేళ్ళు పోశాడట. "ముందుపక్క ఇట్లా ఉంటాదని నువ్వు చేసినాకనే చూస్తా ఉండా" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. మామూలుగానే అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొంతసేపటికి మళ్ళీ అడిగాడు. "మన ఇల్లు చేసినావా?"

చేయలేదు. చేయాలని తోచనే లేదు. అంగళ్ళు చేశాను, స్టేషను చేశాను, ఎవరూ ఉండని బంగళా చేశాను. నేను పుట్టి పెరిగిన లైను ఇల్లు బొమ్మ చేయదగిన కట్టడం అని నాకే అనిపించలేదు. హాస్టల్లో ఆ పిల్ల అడిగిన "మరింకేముంది అక్కడ" అనే ప్రశ్న గుర్తొచ్చింది. ఆ అమ్మాయికి మా ఊరు తెలియదు కాబట్టి అడిగింది. నేను తెలిసీ అదే అనుకున్నాను.

మరుసటి రోజు టేపు తీసుకుని మా ఇల్లు కొలిచాను. వెడల్పు గోడతో కలిపి మూడు మీటర్లు. పొడవు ముందు వసారా, గది, వంటిల్లు అన్నీ కలిపి ఆరు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. అంటే బొమ్మ మూడు సెంటీమీటర్ల వెడల్పు, ఆరున్నర చిల్లర పొడవు. అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు, వెడల్పు ఇంకా తక్కువ. అరగంటలో అయిపోయింది. బంగళాకు మూడు వారాలు, మా ఇంటికి అరగంట.

అమ్మ చూసి, "ఇదేంది పాపా, ఇంత చిన్నగా చేసినావు? అందరూ చూస్తారు. కొంచెం పెద్దది చెయ్యరాదా?" అంది. నాకూ అదే అనిపించింది. కొద్దిగా పెంచితే ఎవరికి తెలుస్తుంది? ఒక సెంటీమీటరు అటు, ఒక సెంటీమీటరు ఇటు. రెండోసారి పెద్దది గీశాను కూడా. కానీ పక్కన పెట్టి చూస్తే ఊర్లో ఉన్న అంగళ్ళన్నీ అబద్ధం అయిపోయాయి. ఒక ఇంటిని ప్రేమ కొద్దీ పెంచితే మిగతా ఊరంతా పెంచాలి. అప్పుడది స్కేలు కాదు. చించేశాను.

తర్వాత ఒక పని చేశాను. బంగళా కింద ఉన్న ఏఫోర్ అట్ట కొలతకు ఇంకో కాగితం తీసుకుని దాని మీద మా ఇల్లు పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. పక్కన మళ్ళీ పెట్టి మళ్ళీ గీశాను. అడ్డంగా ఏడు, నిలువుగా నాలుగు. ఇరవై ఎనిమిది ఇళ్ళు పట్టాయి. మా లైన్లో ఒక్కో ఇంట్లో ఐదుగురు, ఆరుగురు, ఒకప్పుడు పది మంది కూడా ఉండేవాళ్ళట. ఆ కాగితాన్ని అమ్మకు చూపించాను. అమ్మ లెక్క పెట్టుకుంది. ఇల్లు పెద్దది చెయ్యమని మళ్ళీ అనలేదు.

తాత అడగకపోయినా బంగళా వెనకవైపు కూడా కట్టాను. మూడు మెట్లు, దూరంగా వంటిల్లు, రేకుల దారి, కొళాయి, రాయి. రాయి ఎంత ఉండేదని అడిగితే చేతులు చాచి చూపించాడు. అప్పటి నుంచి తాతే పని చెప్పడం మొదలుపెట్టాడు.

"బండి చెయ్యి" అన్నాడు ఒకరోజు. స్టేషను ముందున్న గూడ్సు పెట్టెలు చూపించాను. అవి కాదన్నాడు. "టబ్బు."

గని లోపల రాయి మోసే ఇనప బండిని టబ్బు అంటారు. తమిళంలో సురంగం, తెలుగులో సొరంగం, కానీ ఆ సొరంగంలో తాత వాడిన మాటలు రెండు భాషలవీ కావు. టబ్బు, షాఫ్టు, కేజి, స్కిప్పు. కేజిలో మనుషులు దిగుతారు, స్కిప్పులో రాయి పైకి వస్తుంది. టబ్బు కింద పట్టాల మీద తిరుగుతుంది. బండి ఎత్తు తన నడుము దాకా అని నిలబడి చూపించబోయి ఊపిరాడక మళ్ళీ కూర్చున్నాడు. పట్టాల మధ్య దూరం మూరకు అటూ ఇటూ. నా స్కేల్లో బండి ఎత్తు ఒక సెంటీమీటరు. అంత చిన్నదానికి చక్రాలు ఎట్లా? కాగితాలకు రంధ్రాలు వేసే పంచింగ్ మెషినులో పడిన చుక్కలు నాలుగు చొప్పున ఒకదాని మీద ఒకటి అతికించాను. అట్లాంటి చక్రాలు నాలుగు. అడుగు భాగం బరువు ఉండాలని లోపల ఒక మెంతిగింజ పెట్టాను.

బండి పట్టాల మీద పెట్టి తెచ్చాను. తాత దగ్గరగా పట్టుకుని చూసి, "మనుషులేరీ?" అన్నాడు.

అప్పటిదాకా నా ఊర్లో మనుషుల్లేరు. పదహారు మిల్లీమీటర్ల మనిషిని కత్తిరించి బండి వెనక నిలబెట్టాను. తాత తల అడ్డంగా ఊపాడు.

"ఇద్దరు. ఒకడు తోయలేడు."

ఆ రెండోవాడి గురించి తాత ఆ సాయంత్రం చెప్పాడు. పేరు చెప్పాడు, నేనిక్కడ రాయను. వాళ్ళ మనవలు మా లైన్లోనే ఉన్నారు. ఇద్దరూ ఒకే బండికి పదకొండేళ్ళు. మా ఊరి గనుల్లో రాయి పేలేది. ఎంతో లోతున బరువు మోస్తున్న రాయి ఉన్నట్టుండి విరిగి పేలుతుంది. దాన్ని రాక్ బరస్టు అంటారు. పెద్దది పేలితే పైన ఊర్లో గిన్నెలు కదిలేవి, గిన్నెలు కదిలితే ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి షాఫ్టు వైపు చూసేవాళ్ళు. అట్లా ఒక రోజు బండికి ఆ పక్కన ఉన్న మనిషి లేకుండా పోయాడు. ఈ పక్కన ఉన్న తాత మిగిలాడు. "నేను కుడిపక్క తోసేవాణ్ణి. అలవాటు. అంతే" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. రాత్రి కూర్చుని రెండో మనిషిని కత్తిరించి ఎడమపక్క అతికించాను.

ఊరంతా బల్ల మీద పరిచాక నాకొక లెక్క తట్టింది. ఛాంపియన్ రీఫ్ గని లోతు దగ్గర దగ్గర 3.2 కిలోమీటర్లు. ప్రపంచంలో లోతైన గనుల్లో అదొకటి. నా స్కేల్లో ఎంత? ముప్పై రెండు మీటర్లు. నా బల్ల మీది ఊరి పొడవు మీటరున్నర, దాని కింద లోతు ముప్పై రెండు మీటర్లు. మాకు అంత ఎత్తు మేడ లేదు కిందికి వేలాడదీయడానికి. అందుకని అమ్మ కుట్టుమిషను దారపు ఉండ తీసుకుని ఒక కొస తాత చేతికిచ్చాను. మా వాకిట్లో కూర్చుని ఆయన పట్టుకున్నాడు. నేను దారం వదులుతూ లైను వెంబడి నడిచాను. ఒక్కో ఇల్లు మూడు మీటర్లు. ఒకటి, రెండు, మూడు. పిల్లలు వెంటపడ్డారు. పదిళ్ళు దాటాక ఆగాను. "తాతా, ఇక్కడ అడుగు!" అని అరిచాను.

తాత చెయ్యి ఊపాడు. దగ్గరికి రమ్మని. వెనక్కి నడిచాను. పదో ఇల్లు, తొమ్మిదో ఇల్లు, ఎనిమిదో ఇల్లు. ఏడో ఇంటి దగ్గర వేపచెట్టు కాడ ఆగమన్నాడు. "నేను అంత కిందికి పోలా. ఏడువేల అడుగులు. అక్కడ." లెక్క వేసుకుంటే సరిగ్గా వచ్చింది. ఏడు ఇళ్ళు ఇరవై ఒక్క మీటర్లు, అంటే రెండు కిలోమీటర్ల నూరు మీటర్లు, ఏడువేల అడుగులు దగ్గర దగ్గర.

నేను ఆ చెట్టు కింద నిలబడి మా వాకిలి చూశాను. తాత చిన్నగా కనిపిస్తున్నాడు, చేతిలో దారం కొస. రోజూ అంత దూరం కిందికి దిగి, పని చేసి, అంత దూరం పైకి వచ్చి అన్నం తిన్న మనిషి. ఇప్పుడు ఆ ఏడిళ్ళ దూరం నడవలేడు. ఒక్క మాట కూడా చెప్పకుండా ఇన్నేళ్ళు ఎట్లా ఉన్నాడో అనుకున్నాను. తర్వాత అనిపించింది, మేము అడిగింది ఎప్పుడూ బంగారం గురించే కదా. వెనక తలుపు గురించి అడగలేదు.

ఆయుధ పూజ రోజు మా ఇంట్లో నాన్న బైకు, అమ్మ కుట్టుమిషను, తాత పాత సమ్మెట అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. ఈసారి తాత నా కాగితం బండిని కూడా అక్కడ పెట్టమన్నాడు. కుంకుమ నీళ్ళు తగిలితే పాడవుతుందని అమ్మ ఒక్క చామంతి రేకు మాత్రం దాని మీద పెట్టింది. బొరుగులు, శనగలు తీసుకోవడానికి లైన్లో వాళ్ళంతా వచ్చారు. పక్క గదిలో ఊరు చూశారు. బంగళాను మెచ్చుకున్నారు. కానీ అందరూ వెతికింది లైన్లో వాళ్ళ వాళ్ళ ఇల్లు. "మాది కొళాయి పక్కన కదా, కొళాయి ఏదీ?" "మా ముందర జామచెట్టు ఉండాది, అది పెట్టలేదే?" రాసుకున్నాను. పద్నాలుగు మంది పద్నాలుగు తప్పులు చెప్పారు. రెండో మనిషి మనవరాలు కూడా వచ్చింది. తాత ఆ అమ్మాయిని పిలిచి బండి చూపించి, ఎడమపక్క ఉన్నవాణ్ణి చూపించాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. అమ్మ నన్ను శనగలు పంచమని వంటింట్లోకి పిలిచింది. పిలవడం కావాలనే పిలిచిందని తర్వాత అర్థమైంది.

సెలవులు అయిపోయాయి. ఊరిని రైల్లో తీసుకురావడం కుదరదు. బంగారుపేటలో బండి మారాలి, ఆ తోపులాటలో అది మిగలదు. అక్కడే ఉంది, పైన అమ్మ పాత చీర కప్పి. బొద్దింకలు జిగురు తింటున్నాయని మొన్న చెల్లెలు ఫోన్లో చెప్పింది. బోరిక్ పొడి చల్లమన్నాను. కాగితం ఊరు ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలుసు. అసలు ఊర్లో కూడా ఈ ఏడాది నేను చేసిన ఎనిమిది అంగళ్ళలో ఒకదానికి చెక్క పలకలు తీసేసి షట్టరు పెట్టారు. నా బొమ్మలో పలకలు ఉన్నాయి. ఉండనీ.

మా ఇంటి నమూనా ఒకటి మళ్ళీ గీసి ఈ వ్యాసం పక్కనే గుండుసూదితో గుచ్చాను. స్కేలు ఒకటికి వంద. కావాలంటే దాని మీద పలచని కాగితం పెట్టి దించుకుని, పెళ్ళిపత్రిక మీద అతికించి, కత్తిరించి కట్టుకోవచ్చు. గీతల మీద రీఫిల్‌తో గాడి కొట్టండి. చెవులు కత్తిరించేయకండి. హాస్టల్లో నన్ను ఆ రోజు అడిగిన అమ్మాయి ఇప్పటికే ఒకటి కట్టింది. తన కిటికీలో పెట్టుకుంది.

వెనకవైపు చుక్కల గీతతో ఒక తలుపు ఉంది. అది కోసి తెరవడం మర్చిపోకండి.